గీత తెగిన రెండు నిమిషాలు

పంజగుట్టలోని ఆ ల్యాబు మూడో అంతస్తుకు కమలకుమారి చేరేసరికి పన్నెండూ పది అయింది. అప్పటికే లోపల విచారణ ముగిసి తీర్పు కూడా వచ్చేసింది. తీర్పు చెప్పినవాడు సురేందర్. పోలీసు ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. ల్యాబు డైరెక్టర్ డాక్టర్ రఘురామ్ పొద్దున తొమ్మిదింటికే అతన్ని పిలిపించుకున్నాడు.

"రండి మేడం, రండి. జర లేటయిండ్రు. కేసు ఖతం," అన్నాడు సురేందర్, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కాళ్ళు చాపుకుని.

"ఎవరట?"

"గా పిల్లనే."

గది మూల స్టూలు మీద ముడుచుకుని కూర్చున్న వనితను గడ్డంతోనే చూపించాడు. ముప్పై నిండని ఆ టెక్నీషియన్ ఏడ్చి ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది, జుట్టు అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. పదకొండింటికి కమలకుమారికి ఫోన్ చేసింది తనే. ఫోన్లో ఆమె అన్నది ఒకే మాట: "నా మీద నింద పడితే పడనీ మేడం, గా మనిషి కన్ను పోతది. మీరు జల్ది రండి."

ఆ మనిషి పేరు రాజనర్సయ్య. బోరబండలో ఉంటాడు, గోడలకు రంగులు వేస్తాడు. సున్నం డబ్బా మీద పడి రెండు కళ్ళూ కాలిపోయాయి. కుడికంటి అంచున మాత్రం నువ్వుగింజంత మేర మంచి కణాలు మిగిలాయి. డాక్టర్లు ఆ గింజంత ముక్కను తీసి ఈ ల్యాబుకు పంపితే, వనిత దాన్ని డిష్ అనే చిన్న మూతగిన్నెలో పద్దెనిమిది రోజులు పెంచి పల్చటి పొరగా చేసింది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి బంజారా హిల్స్‌లోని కంటి ఆసుపత్రిలో ఆ పొరను అతని కంట్లో అతకాలి. పొద్దున ఎనిమిదింటికి డైరెక్టర్ తీసి చూస్తే కణాలన్నీ చచ్చి ఉన్నాయి. ఇంకోసారి తీద్దామంటే అతని కళ్ళల్లో ఇక తీయడానికేమీ లేదు.

కమలకుమారికి యాభై ఎనిమిదేళ్ళు. సొంతూరు తుని. ముప్పై ఏళ్ళు విద్యుత్ శాఖ విజిలెన్సులో కరెంటు దొంగల్ని పట్టి, రిటైరయ్యాక అమీర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్ పై గదిలో డిటెక్టివ్ బోర్డు పెట్టింది. వనిత ఫోన్ చేసింది ఆ బోర్డు మీది నంబరుకే. హ్యాండ్‌బ్యాగులో కళ్ళజోడు మర్చిపోయినా మర్చిపోతుంది గానీ టెస్టర్ మర్చిపోదు. మనుషుల మాటల కన్నా మీటర్ల మాట మీద ఆమెకు నమ్మకం ఎక్కువ, ఆ సంగతి మనుషుల ముందే చెప్పేస్తుంది కూడా.

"ఖతం అయిన కేసేంటో నాక్కూడా చెప్పండి సురేందర్ గారూ. నిలబడే వింటాను."

సురేందర్ ఉత్సాహంగా లేచాడు. కుర్చీ ఇవ్వడానికి కాదు, చూపించడానికి. గోడవారగా చిన్న ఫ్రిజ్జంత పెట్టె ఉంది. అది ఇంక్యుబేటర్, ఎప్పుడూ మన ఒంటి వేడి ముప్పై ఏడు డిగ్రీలే ఉంచుతుంది. దాని పక్కనే తెరతో ఒక మీటరు. రెండింటి ప్లగ్గులూ ఒకే బోర్డులో ఉన్నాయి. అదే బోర్డు కింద టీ కెటిల్.

"చూడుండ్రి. ఏడు ఆరుకి రీడింగు లేదు. ఏడు ఏడుకి లేదు. ఏడు ఎనిమిదికి వచ్చింది, అప్పటికే కణాలు ఖాళీ. ఏమైనట్టు? ఈమె చాయ్ కోసం ప్లగ్గు పీకింది, కెటిల్ పెట్టింది, మళ్ళ ప్లగ్గు పెట్టింది. రెండు నిమిషాలు కరెంటు బంద్. కణాలు ఖతం."

"నేను ప్లగ్గు ముట్టలే మేడం," అంది వనిత. "చాయ్ ఆరు నలభైకే తాగిన. ఏడింటికి ల్యాబు గ్యాస్ సిలిండర్ వచ్చిందని ఫోనొస్తే కిందికి పోయిన. ఏడు పన్నెండుకి మళ్ళొచ్చిన. సిలిండర్ స్లిప్పు మీద టైము సుత ఉంది."

"పీకినంక కిందికి పోయినవ్," అన్నాడు సురేందర్.

"పోయిందాన్ని మళ్ళీ ప్లగ్గు ఎట్ల పెడ్త?"

సురేందర్ దానికి జవాబు వెతుక్కునేలోపే తలుపు దగ్గర నిలబడ్డ ఇంకో మనిషి అందుకున్నాడు. తెల్లకోటు, పద్ధతిగా దువ్విన తల. పేరు దుర్గేష్, ల్యాబు క్వాలిటీ ఆఫీసరు. ఏ పొర ఆసుపత్రికి వెళ్ళాలన్నా ఇతని సంతకం పడాల్సిందే.

"నా అభిప్రాయం వేరండీ. పాపం వనిత తప్పు కూడా ఏమీ లేదేమో. అసలు తప్పు మీటరుది. ఏడూ ఐదు దాకా కణాలు బ్రహ్మాండంగా ఉన్నాయంటుంది, మూడు నిమిషాల్లో చచ్చాయంటుంది. కణాలు అలా చావవండీ, గంటలు పడుతుంది. పాత పద్ధతిలో నేను రంగు వేసి చూస్తే చచ్చినవన్నీ నీలం తిరుగుతాయి, అది అబద్ధం చెప్పదు. ఈ మీటరు మాత్రం పచ్చి అబద్ధాలకోరు. రేపు తనిఖీ కమిటీ వాళ్ళొస్తున్నారు. దీన్నీ, దీని పాత రికార్డుల్నీ పక్కన పెట్టేద్దామని డైరెక్టర్ గారికి పొద్దున్నుంచీ చెబుతున్నాను."

రఘురామ్ కుర్చీలో తలపట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన బెంగ మీటరు గురించీ కాదు, వనిత గురించీ కాదు. "నాలుగింటికి ఆ మనిషికి ఏం చెప్పాలి?" అని మాత్రం గొణుగుతున్నాడు.

ముప్పై ఏళ్ళలో కమలకుమారి ఎన్నో ఫ్యాక్టరీల్లో ఈ మాట వింది. మీటరు పాడైంది మేడం, మీటరు తప్పు చూపిస్తోంది మేడం. మీటర్ను ముందుగా తిట్టినవాణ్ణి ఆమె ఎప్పుడూ రెండుసార్లు చూసేది. ఇప్పుడూ అలాగే చూసి, వనిత పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏంటమ్మా ఈ మీటరు? నాకు ఇంటి మీటర్లు తెలుసు, ఫ్యాక్టరీ మీటర్లు తెలుసు. కణాల మీటరు తెలీదు. నాకు అర్థమయ్యేలా చెప్పు."

వనిత కళ్ళు తుడుచుకుంది. పని గురించి మాట్లాడే అవకాశం రాగానే గొంతు దానంతటదే సర్దుకుంది.

"డిష్ అడుగున సన్నగ బంగారు గీతలుంటయి మేడం. వాటి మధ్యల నిమిషానికోసారి జరంత కరెంటు తిప్పుతం. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. గంత చిన్న కరెంటుకి కణానికి ఏం కాదు. డిష్ ఖాళీగుంటే కరెంటుకి అడ్డం లేదు, రీడింగు నాలుగొందల ఓమ్‌లు. కణాలు పెరిగి పరుచుకుంటే, బతికున్న కణం పొర కరెంటును లోపలికి రానియ్యది. అది సుట్టు తిరిగి సందుల కెల్లి పోవాలె. అందుకే రీడింగు పెరుగుతది. రాజనర్సయ్యది పద్దెనిమిది వందల నలభై."

"చస్తే?"

"పొరకు తూట్లు పడతయి. కరెంటు నడిమిట్ల కెల్లి పోతది. రీడింగు మెల్లమెల్లగ దిగుతది. ఇంకోటి మేడం, బతికున్న కణం ఊకె ఉండది, కదులుతనే ఉంటది. అందుకే గీత సన్నగ వణుకుతది. చూడుండ్రి."

తెర మీద నిన్నటి గీత చూపించింది. పద్దెనిమిది వందల దగ్గర గీత నిజంగానే వణుకుతోంది, ఉడుకుతున్న పాల మీది మీగడలాగా. ఏడూ ఐదు దాకా వణుకు. ఆ తర్వాత రెండు నిమిషాల ఖాళీ. ఏడూ ఎనిమిది నుంచి నాలుగు వందల పది దగ్గర సాఫుగా, స్కేలు పెట్టి గీసినట్టు.

కమలకుమారి కళ్ళజోడు తుడుచుకుని ఆ ఖాళీని రెండోసారి చూసింది. అప్పుడే ఆమె మనసులో సంతోషం మొదలైంది. ఆ సంతోషం ఆమెకు బాగా తెలిసినదే, దొంగ తీగ చేతికి తగిలినప్పుడు కలిగేది.

"డైరెక్టర్ గారూ, ఈ పెట్టెలో ఇప్పుడు పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ. అంతా అయిపోయిందిగా."

ఆమె వంగి ప్లగ్గు పీకేసింది. దుర్గేష్ అదిరిపడ్డాడు. సురేందర్ "అరే, మేడం!" అని ముందుకొచ్చాడు. రెండు నిమిషాలు చేతి గడియారం చూసుకుని మళ్ళీ ప్లగ్గు పెట్టింది. మీటరు గుయ్యిమంది. తెర నల్లగానే ఉంది. ఒక నిమిషం, రెండు, మూడు. నాలుగో నిమిషంలో వెలుగొచ్చి, మొదటి వరుసలో తేదీ, రెండో వరుసలో 'కరెంటు పోయి వచ్చింది' అన్న గుర్తు, ఆ తర్వాతే రీడింగు మొదలైంది.

"సురేందర్ గారూ, లెక్క చూడండి. రెండు నిమిషాలు ప్లగ్గు తీస్తే ఖాళీ ఎంతొచ్చింది?"

సురేందర్ వేళ్ళు మడవబోతుంటే ఆమే చెప్పింది.

"ఆరు నిమిషాలు. పైగా కరెంటు పోయిన సంగతి మీటరు తనే రాసుకుంది. పొద్దున ఏడూ ఆరు దగ్గర ఏం రాసుందో చదువమ్మా వనితా."

వనిత తెర దగ్గరకు వంగి చదివింది. "డిష్ లేదు. ఏడు ఆరు, డిష్ లేదు. ఏడు ఏడు, డిష్ లేదు."

"కరెంటు పోలేదు. మీటరు మేలుకునే ఉంది. డిష్ కోసం చూసింది, కనపడలేదు, అదే రాసింది. పొద్దున్నుంచీ అది నిజమే చెబుతోంది గానీ ఒక్కళ్ళూ చదవలేదు." ఆమె రఘురామ్ వైపు తిరిగింది. "దుర్గేష్ గారు సరిగ్గానే అన్నారండీ, కణాలు మూడు నిమిషాల్లో చావవు. చావలేదు కూడా. రాజనర్సయ్య డిష్‌ను ఎవరో తీసుకెళ్ళి, ఎప్పుడో చచ్చిన డిష్‌ను దాని చోట పెట్టారు."

రఘురామ్ లేచి నిలబడ్డాడు. "అంటే... అవి బతికే ఉన్నాయంటారా?"

"గిది ఊహ!" సురేందర్ గొంతు పెంచాడు. "మూత మీద రాజనర్సయ్య పేరుంది. వనిత దస్తూరీనే. నేను పొద్దునే చూసిన."

"మూత చూశారు. అడుగు చూశారా?"

కమలకుమారి చేతికి రబ్బరు తొడుగు వేసుకుని చచ్చిన డిష్‌ను పైకెత్తి కిటికీ వెలుగులో అడుగు చూసింది. అంచున కంపెనీ వాళ్ళు అచ్చు వేసిన చిన్న అంకె ఉంది. నూట పద్దెనిమిది.

వనిత కళ్ళు పెద్దవయ్యాయి. "రాజనర్సయ్యది నూట ముప్పై ఒకటి మేడం! నన్ను పొద్దున్నుంచి దీన్ని ముట్టనియ్యలే." గబగబా తన బ్యాగులోంచి చిన్న నోటుబుక్కు తీసింది. ఆఫీసు వాళ్ళకు మూత మీది పేరు చాలు, సంతకాలన్నీ మూత చూసే పెడతారు. కానీ వనిత హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ టిఫిను డబ్బాల మూతలు రోజూ తారుమారయ్యేవి. ల్యాబులో చేరిన మొదటి రోజు నుంచీ ఏ డిష్ ఎవరిదో అడుగు నంబరుతో రాసుకుంటోంది. ఎవరూ రాయమనలేదు, ఎవరూ అడగలేదు.

"నూట పద్దెనిమిది... పోచమ్మ. జనవరి ఇరవై రెండు. ఆపరేషన్‌కి పంపినం." వనిత గొంతు తగ్గింది. "పోచమ్మ తెలుసు మేడం. బట్టీల పని చేసేటప్పుడు రెండు కండ్లు కాలినయి. పొర పెట్టినంక నెల రోజులకే కన్ను మళ్ళ తెల్లబడ్డది. ఆమె ఒళ్ళు తట్టుకోలేదన్నరు."

కమలకుమారి డిష్‌ను వెలుగులో అటూ ఇటూ వంచింది. అడుగంతా పల్చటి పొర అలాగే అంటుకుని ఉంది.

"ఆపరేషన్‌కు పొర ఊడదీసి వాడాలి కదా. మరి పోచమ్మ పొర ఈ డిష్‌లోనే ఉంటే, ఆవిడ కంట్లో పెట్టింది ఏంటి?"

సురేందర్ మొదటిసారి కాళ్ళు దగ్గరకు తీసుకుని బుద్ధిగా నిలబడ్డాడు.

జవాబుకు బదులు దుర్గేష్ దగ్గర్నుంచి కొత్త కబురొచ్చింది. "సార్, పాత సంగతులు తర్వాత చూద్దాం. ముందు రాజనర్సయ్య. నా దగ్గర రిజర్వు ఉంది సార్. మొదటి రోజు అతని కణాల్లోంచి కొంచెం తీసి వేరే డిష్‌లో పెంచాను. అన్నీ ఒకేచోట ఉంచడం మంచిది కాదని అమీర్‌పేటలో మా బావమరిది డయాగ్నొస్టిక్స్‌లో పెట్టాను. మీరు ఊఁ అంటే నేనొక్కణ్ణీ బైకు మీద వెళ్ళి రెండింటికల్లా తెచ్చేస్తాను."

రఘురామ్ రెండు చేతులూ జోడించేశాడు. "బంగారం లాంటి మాట చెప్పావయ్యా!"

కమలకుమారి వనిత వంక చూసింది. వనిత అడ్డంగా తల ఊపింది. నువ్వుగింజను రెండు చేస్తే ఏదీ పెరగదు. ఆ సంగతి మిగతావాళ్ళకు చెప్పకుండా కమలకుమారి నవ్వింది.

"మంచి పని చేశారు దుర్గేష్ గారూ. బైకు వద్దు, కుదుపులుంటాయి. సురేందర్ గారు మిమ్మల్ని కార్లో తీసుకొస్తారు. ఇక్కడున్న చిన్న చేతి మీటరు పట్టుకుని మేమూ వస్తాం. ఒకసారి మీ బావమరిదికి ఫోన్ చేసి ఇంక్యుబేటర్ చూసుకోమనండి."

తప్పక చేశాడు. ఫోనులో అవతలి మాట వింటూనే అతని ముఖం పాలిపోయింది. "కరెంటు లేదట. పన్నెండున్నరకు పోయిందట. ఇంకా రాలేదు."

అప్పటికి ఒంటిగంటా పదిహేను.

కారు పంజగుట్ట ట్రాఫిక్‌లోకి దూరి అక్కడే ఉండిపోయింది. కమలకుమారి, వనిత మెట్రో ఎక్కి రెండు నిమిషాల్లో అమీర్‌పేటలో దిగారు. సురేందర్‌కు దుర్గేష్‌ను అప్పగించిందే అందుకు. ఒకటీ నలభైకి వాళ్ళు ఆ డయాగ్నొస్టిక్స్ మెట్లు ఎక్కుతుంటే, దుర్గేష్ బావమరిది ప్రవీణ్ చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. అమాయకుడు, ఏ పాపమూ ఎరగడు.

"బావ డిష్‌ల కోసమా అండీ? రండి రండి. ఇవాళ్టిది ఏడున్నరకి తెచ్చి పెట్టారు. తలుపు తెరవకుండా జాగ్రత్తగా ఉంచాను."

"ఎన్నింటికి?"

"ఏడున్నరకండీ. షట్టర్ అప్పుడే ఎత్తాను."

దుర్గేష్ ఆఫీసులో వేలిముద్ర వేసింది తొమ్మిదిన్నరకని మెట్రోలో వనిత చెప్పింది. కమలకుమారి ఆ సంగతి మనసులో దాచుకుని ఇంక్యుబేటర్ తలుపు తీసింది. లోపలి థర్మామీటరు ముప్పై డిగ్రీలు చూపిస్తోంది. పై అరలో గుడ్డ మీద ఒక డిష్. వనిత ఎత్తి అడుగు చూసింది. నూట ముప్పై ఒకటి.

బ్యాటరీతో పనిచేసే చేతి మీటరులో డిష్ పెట్టి, తెర మీద అంకె కోసం ఇద్దరూ వంగారు. పదహారు వందల పది. వనిత ముఖం వెలిగి, వెంటనే ఆరిపోయింది.

"రీడింగుంది మేడం. కానీ గీత వణకట్లే. సాఫుగుంది."

"అంటే?"

"చలికి బిర్రబిగుసుకుపోయినయేమో. లేకుంటే పోతున్నయేమో. వేడి చెయ్యాలె, జల్ది."

కరెంటు లేదు. కమలకుమారి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగి కింది టీ బండి దగ్గరకు పోయింది. "బాబూ, టీ వద్దు. వేణ్ణీళ్ళు, గిన్నెతో సహా." ఆవిడ గొంతు విని బండివాడు మారు మాట్లాడకుండా గిన్నె దించి ఇచ్చేశాడు. పైన వనిత ఆ నీళ్ళలో చన్నీళ్ళు కలుపుతూ, థర్మామీటరు ముంచుతూ, తీస్తూ, సరిగ్గా ముప్పై ఏడు దగ్గర ఆపింది. డిష్‌నూ మీటర్నూ తడి తగలకుండా స్టీలు డబ్బాలో పెట్టి నీళ్ళలో తేల్చింది. చల్లారితే కొంచెం వేడినీళ్ళు, ఎక్కువైతే కొంచెం చన్నీళ్ళు. పసిబిడ్డకు నీళ్ళు పోసే తల్లి కూడా అంత శ్రద్ధగా చూడదు.

ఐదు నిమిషాలు. గీత సాఫుగానే ఉంది. పది నిమిషాలు. అంకె పదిహేడు వందలకు ఎక్కింది. పన్నెండో నిమిషంలో గీత ఒక్కసారి సన్నగా అదిరింది. మళ్ళీ అదిరింది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

"మేడం!" వనిత గట్టిగా అరిచింది. "బతికినయి మేడం! చూడుండ్రి, కదులుతున్నయి!"

కమలకుమారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకునే అలవాటు ఆమెకు లేదు. వనితను దగ్గరకు తీసుకుని వీపు తట్టింది. ప్రవీణ్‌కు విషయం సగమే అర్థమైనా చప్పట్లు కొట్టాడు.

రెండూ ఐదుకు కారు దిగి సురేందర్, దుర్గేష్ పైకొచ్చారు. గిన్నెలో డబ్బా, డబ్బాలో డిష్, తెర మీద వణుకుతున్న గీత. దుర్గేష్ అన్నీ వరుసగా చూశాడు.

"చూశారా, నా రిజర్వు..." అని మొదలెట్టాడు.

"నూట ముప్పై ఒకటి," అంది కమలకుమారి. "వనిత పుస్తకంలో రాజనర్సయ్యకున్నది ఆ ఒక్క డిష్షే. ఏడింటికి సిలిండర్ వచ్చేలా చేసి వనితను కిందికి దించారు. ఏడూ ఆరుకు దీన్ని తీశారు, ఏడూ ఎనిమిదికల్లా నూట పద్దెనిమిదిని పెట్టారు. దాని మూత దీనికీ, దీని మూత దానికీ. ఏడున్నరకు మీరు ఇక్కడున్నారని మీ బావమరిదే చెప్పాడు. వనిత మీద నింద పడనిచ్చి, మీటరును అబద్ధాలకోరును చేసి, చివరికి రిజర్వు తెచ్చిన దేవుడిలా నిలబడదామనుకున్నారు. రేపు కమిటీ పాత గీతలు తిరగేస్తే జనవరి ఇరవై రెండు బయటపడుతుంది. మీ భయం అదే. అవునా, కాదా?"

దుర్గేష్ తలుపు వైపు అడుగేశాడు. అక్కడ సురేందర్ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"జరగండి సార్," అని దుర్గేష్ అంటే, "జరగను," అన్నాడు సురేందర్. ఆ తర్వాత కమలకుమారి వైపు చూసి తల గోక్కున్నాడు. "మేడం, పొద్దున కుర్చీ ఇయ్యలే. గలతీ అయింది. గీ పిల్లను సుత నేను శానా మాటలన్న. ఏమనుకోకు చెల్లె."

వనిత వినలేదు. ఆమె ఇంక్యుబేటర్ కింది అరలోకి వంగి ఉంది. గుడ్డ వెనక ఇంకో డిష్ కనపడింది. తీసి అడుగు చూసి నోటుబుక్కు తిరగేసింది.

"నూట పంతొమ్మిది. ఇది జనవరిల పగిలిపోయిందని దుర్గేష్ సారే రాయించిండు."

"అదా అండీ," అన్నాడు ప్రవీణ్. "అది జనవరి నుంచీ ఇక్కడే ఉంది. బావ రోజూ వచ్చి అందులో మందు నీళ్ళేవో మారుస్తారు. ఆదివారం కూడా మానలేదు."

దుర్గేష్ అక్కడే ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు. నేల చూస్తూ చెప్పాడు. ఆ రోజు పోచమ్మ డిష్‌ను అతనే గంటల తరబడి బయట బల్ల మీద మర్చిపోయాడు. మళ్ళీ పెట్టెలో పెట్టాక గీత దిగిపోతుంటే చూశాడు. ఒప్పుకునే ధైర్యం లేక, ప్రాక్టీసు కోసం పెంచిన ఎవరివో కణాల పొరను ఆసుపత్రికి పంపాడు. పొర అలాగే అంటుకున్న డిష్ ఎవరి కంటైనా పడుతుందని నూట పద్దెనిమిదిని పారేయలేక ఫ్రిజ్జులో దాచాడు. అంతకు ముందు అందులో ఒక మూల బతికున్న కాసిని కణాలను గీకి నూట పంతొమ్మిదిలో వేశాడు.

"ఎందుకు?" అంది కమలకుమారి.

"తెలీదండీ. చంపలేకపోయాను."

ఆమెకు అతని మీద కోపం తగ్గలేదు. జాలి కూడా కలిగింది. వనితకు చేతి మీటరు వైపు వేలు చూపించింది. వనిత నూట ముప్పై ఒకటిని ల్యాబు నుంచి తెచ్చిన హాట్‌బాక్సులోకి మార్చి, నూట పంతొమ్మిదిని మీటరులో పెట్టి వేణ్ణీళ్ళలో తేల్చింది. ఈసారి సురేందర్ కూడా మోకాళ్ళ మీద కూర్చుని తెర వంక చూశాడు.

పద్నాలుగు వందల ఇరవై. పద్నాలుగు వందల తొంభై. తొమ్మిదో నిమిషంలో గీత వణికింది.

రెండూ నలభైకి ఆసుపత్రి కారు వచ్చింది. వనిత హాట్‌బాక్సును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని సర్జన్‌కు ఫోన్ చేసింది. "మేడం, రాజనర్సయ్యను రెడీ చెయ్యుండ్రి. వస్తున్నం." దుర్గేష్‌ను పట్టుకుని సురేందర్ పోలీసుల కోసం కిందికి నడిచాడు.

కమలకుమారి నూట పంతొమ్మిది తేలుతున్న గిన్నె పక్కనే కూర్చుని, వనిత ఇచ్చి వెళ్ళిన నోటుబుక్కులోని నంబరుకు ఫోన్ చేసింది. ఐదారు రింగుల తర్వాత ముసలి గొంతు పలికింది.

"ఎవలు బిడ్డా? నాకు కండ్లు కానరావు, పేరు చెప్పు."

"పోచమ్మగారూ, నా పేరు కమలకుమారి. మీ కంటి కణాలు నా ముందే ఉన్నాయి. బతికే ఉన్నాయి."

అవతల ఫోన్ ఒక చెవి నుంచి ఇంకో చెవికి మారిన చప్పుడైంది.

"నా ఒళ్ళే తట్టుకోలేదని చెప్పిరి గదమ్మా."

"అబద్ధం చెప్పారమ్మా. మీ ఒళ్ళు చేసిన తప్పేం లేదు. మీవి మీ కంట్లో ఇంతవరకు పెట్టనే లేదు."